ధ్వనియందు సామీప్యము: ఉన్నతక్రమ ఆంబిసోనిక్స్ పద్ధతిలో మంద్రవృద్ధిని గూర్చిన విమర్శ

విషయ ప్రస్తావన

భివండీ పట్టణమునందును, దానికి చేరువనున్న పూర్ణ మొదలగు గ్రామములందును నివసించు తెలుగువారిలో పద్మశాలీలు పెక్కుమంది. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ, మహబూబునగరు ప్రాంతములనుండి బ్రతుకుతెరువునకై వచ్చి, మరమగ్గములను నమ్ముకొని, ఇచటనే ఇండ్లు ఏర్పఱచుకొన్నవారి సంతతి మనము. మన పెద్దలు వచ్చునపుడు చేతబట్టుకొని వచ్చిన వస్తువులు కొలది. చెవులలో నింపుకొని వచ్చిన ధ్వనులు మాత్రము మిక్కుటము. పటము వ్రేలాడగట్టి, బొమ్మ బొమ్మకును కథ చెప్పుచు, మార్కండేయ పురాణమును భావనాఋషి వృత్తాంతమును వినిపించు కూనపులివారి గొంతు అట్టి ధ్వనులలో నొకటి. బుఱ్ఱకథకుని వంతల గుమ్మెట మ్రోత మఱియొకటి. వీనిని రికార్డు చేసి రాబోవు తరములకు అందింపవలె ననుకొనువారికి ఇప్పు డొక ప్రశ్న ఎదురగును. కథకుని మాటను, పాటను నిలుపుకొన్న చాలునా? అతడు మన కెంత దగ్గఱగా నుండి చెప్పెనో ఆ సామీప్యమును గూడ నిలుపుకొనవలెనా?

సామీప్యము రికార్డులో నిలుచునది కాదని కొందఱు తలంతురు. నిలుచుననియు, అది ధ్వనిలోని మంద్రభాగమునందే దాగియున్నదనియు భౌతికశాస్త్రము చెప్పుచున్నది. ఆ మంద్రభాగమును యంత్రజ్ఞులు దోషముగా నెంచి కోసివేసినచో సామీప్యము నశించును. హద్దు లేక పెంచినచో యంత్రమే చెడును. ఈ రెంటి నడుమ సరియైన మార్గ మేది, దాని గుణదోషము లెవ్వి అనుదానిని విమర్శించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

పద్ధతి స్వరూపము

ఒక స్థానమున నిలిచినవానికి నలుదిక్కులనుండియు, పైనుండియు, క్రిందినుండియు వచ్చు ధ్వనినంతటిని ఒక్క గోళముగా భావించి గ్రహించు పద్ధతికి ఆంబిసోనిక్స్ అని పేరు. రెండు లౌడ్‌స్పీకరుల స్టీరియో పద్ధతికి అలన్ బ్లుమ్లైన్ 1931లో పేటెంటు కోరెను. అటుపిమ్మట నాలుగు దశాబ్దములకు, 1970 తరువాతి తొలి సంవత్సరములలో, ఇంగ్లండునందు మైకేల్ గెర్జన్, పీటర్ ఫెల్గెట్ మొదలగువారు ఈ గోళపద్ధతిని రూపొందించిరి. ఎత్తుతో గూడిన ధ్వని పునరుత్పత్తిని గూర్చి గెర్జన్ వ్రాసిన ప్రసిద్ధ వ్యాసము 1973లో వెలువడినది.

ఇందు మొదటి మెట్టున నాలుగు సంకేతము లుండును. ఒకటి ఆ స్థానమునందలి వాయుపీడనము. తక్కిన మూడును ముందువెనుకలకు, కుడియెడమలకు, పైక్రిందులకు ఆ పీడనములో కలుగు భేదములు. దీనిని ప్రథమక్రమ మందురు. భేదములలోని భేదములను, వానిలోని భేదములను గూడ లెక్కకు తెచ్చిన కొలది క్రమము హెచ్చును, దిశాజ్ఞానము సూక్ష్మమగును. ద్వితీయక్రమమునకు 9, తృతీయక్రమమునకు 16, చతుర్థక్రమమునకు 25 సంకేతములు కావలెను. నేతపనివారికి ఇది దుర్బోధము కాదు. పోగులు పలుచనైన గుడ్డలో బొమ్మ మోటుగా తేలును. పోగులు చిక్కనైన కొలది అంచులు స్పష్టమగును.

సామీప్యమునకును మంద్రమునకును సంబంధము

చెఱువులో రాయి వేసినపుడు రాయి పడినచోటికి దగ్గఱనున్న అలలు గుండ్రముగా నుండును. ఒడ్డునకు చేరునప్పటికి అవే యలలు తిన్నని గీతలవలె కనిపించును. ధ్వనితరంగములును అట్టివే. దూరమునుండి వచ్చునది సమతలము, చేరువనుండి వచ్చునది వక్రము. ఈ వక్రతయే సామీప్యమునకు భౌతికమైన గుఱుతు.

వక్రతకును మంద్రమునకును సంబంధ మెట్లు కలిగినదో విచారింతము. దగ్గఱదగ్గఱగానున్న రెండు బిందువుల నడుమ పీడనభేదమునకు కారణములు రెండు. తరంగము ఒక బిందువును ముందుగను, రెండవదానిని వెనుకగను చేరుట మొదటిది. మూలమునుండి దూరమైన కొలది ధ్వని బలము తగ్గుట రెండవది. మంద్రస్వరములలో తరంగము మిక్కిలి పొడవు. 54 హెర్ట్జ్ స్వరమునకు తరంగదైర్ఘ్యము 6 మీటర్లకు మించును. అంత పొడవైన అలలో ముందువెనుకల తేడా అత్యల్పము. ఆ కారణముచేత ఆంబిసోనిక్స్ లెక్కలో, స్వరము మంద్రమైన కొలది ఈ భేదమును అంతకంత పెంచి సరిచూపుదురు. అయితే రెండవ కారణమువలన కలుగు భేదము స్వరముతోపాటు తగ్గునది కాదు. మూలము చేరువనున్నచో అది అట్లే నిలిచియుండును. లెక్కలోని పెంపకము దానికిని వర్తించుటచే అది మంద్రమునందు కొండవలె పెరుగును. దీనినే ఇచట మంద్రవృద్ధి యనుచున్నాము.

పెండ్లిపందిటిలోను, భజనమందిరమునందును మైకును పెదవుల కానించి మాటలాడువాని గొంతు గుమ్ముగుమ్మని బరువెక్కుట అందఱును వినినదే. దిశను గ్రహించు మైక్రోఫోనులలో కలుగు ఈ మార్పు ప్రథమక్రమ మంద్రవృద్ధియే. పీడనమును మాత్రమే గ్రహించు మైక్రోఫోనునకు ఇది కలుగదు.

క్రమము హెచ్చిన కొలది వృద్ధి యెంతటిదగునో అంకెలలో చూతము. ధ్వనివేగము క్షణమునకు 340 మీటర్లుగా తీసికొనిన, 1 మీటరు దూరముననున్న మూలమునకు 54 హెర్ట్జ్ వద్ద ప్రథమక్రమ సంకేతము 1.4 రెట్లును, ద్వితీయక్రమము 3.6 రెట్లును, తృతీయక్రమము 16.6 రెట్లును పెరుగును. డెసిబెల్‌లలో ఇవి వరుసగా సుమారు 3, 11, 24. స్వరము సగమునకు, అనగా 27 హెర్ట్జ్‌లకు దిగినచో తృతీయక్రమము 120 రెట్లు దాటును. దూరము సగమైనచో ఇవే వృద్ధులు రెట్టింపు స్వరమునకు ప్రాకును. కథకుడు అర మీటరు దూరమున నున్నపుడు 108 హెర్ట్జ్ వద్దనే తృతీయక్రమము 16.6 రెట్లగును. పురుషకంఠపు మూలస్వరము సామాన్యముగా 100 నుండి 150 హెర్ట్జ్ నడుమ నుండును. కావున ఇది గణితశాస్త్రజ్ఞుల వినోదము కాదు. మన కథకుని గొంతు ఉన్నచోటనే ఈ చిక్కు గలదు.

వృద్ధి దోషమా?

ఈ యంకెలను చూచినవారు, ఇంత పెరిగిన మంద్రము వినువాని చెవులను పగులగొట్టునుగదా యని శంకింపవచ్చును. ఈ శంకయందే అసలు పొరపాటున్నది. ఈ వృద్ధి శబ్దము యొక్క పరిమాణమునకు సంబంధించినది కాదు, తరంగము యొక్క ఆకృతికి సంబంధించినది. గోళకేంద్రమున పీడన సంకేత మెప్పటివలెనే యుండును. అన్ని క్రమములును తమతమ పాళ్లలో లౌడ్‌స్పీకరులనుండి వెలువడి కేంద్రమున కలిసికొన్నపుడు, పెరిగిన భాగములు ఒకదానితో నొకటి సరిపడి, మూలమువైపు కొంత హెచ్చుగను, ఆవలివైపు కొంత తగ్గుగను పీడనమును పంచును. అనగా వినువాని ఒక చెవికి ఎక్కువగను, రెండవ చెవికి తక్కువగను అందును.

మన చెవులు వెదకునది ఈ తేడానే. బ్రుంగార్ట్, రాబినోవిట్జ్ అనువారు 1999లో ప్రకటించిన పరిశోధనలలో, ధ్వనిమూలము తలకు 1 మీటరు లోపలికి చేరిన కొలది రెండు చెవుల నడుమ తీవ్రతాభేదము మంద్రస్వరములందు సహితము గణనీయముగా పెరుగునని తేలినది. దూరపు ధ్వనులకు మంద్రమునందు ఈ భేదము నామమాత్రము. తల్లి బిడ్డ చెవిలో చెప్పిన మాటకును వీధిచివరనుండి పిలిచిన పిలుపునకును గల భేదములలో ఇది యొకటి. మరమగ్గముల నడుమ నిలిచి పనిచేయు కార్మికుని సంగతియు నిట్టిదే. సాంచలన్నియు ఒక్కటిగా మ్రోగుచున్నను, మోచేతికి తగులునంత చేరువనున్న సాంచ యొక్క మ్రోత ఒక చెవిని ఆక్రమించును. తక్కిన షెడ్డంతయు రెండు చెవులనుండి సమముగా వినబడును. సామీప్యమును తుడిచివేసి ఆ షెడ్డును రికార్డు చేసినచో మిగులునది ఒక గోల మాత్రమే. ఆ గోల నడుమ నిలిచిన మనుష్యుడు అందుండడు.

రెండు తప్పుదారులు

మంద్రవృద్ధిని ఎదుర్కొనుటలో పొరపాటు మార్గములు రెండు కనిపించును. మొదటిది భయముతో కోసివేయుట. గుమ్ముమనుచున్నదని యెంచి, అన్ని క్రమములనుండియు మంద్రభాగమును వడకట్టివేయుదురు. లేదా మూలములన్నియు అనంతదూరమున నున్నట్లు భావించి సమతలతరంగముల లెక్కనే వాడుదురు. ఇందు ఇంకొక చిక్కు గలదు. లౌడ్‌స్పీకరులును ఒక దూరముననే యున్నవి. వానినుండి వచ్చు తరంగములును వక్రములే. కావున దూరమును లెక్కింపని పద్ధతిలో ప్రతి ధ్వనియు లౌడ్‌స్పీకరుల వలయమునకే లాగబడును. కథకుడును, వంతలును, వీధిలో పోవు బండియు ఒకే గోడకు అంటించిన బొమ్మలవలె తోచును. ప్రథమక్రమమునందు లౌడ్‌స్పీకరుల దూరమునకు తగిన సవరణ యవసరమని గెర్జన్ నాడే గుర్తించియుండెను. క్రమము హెచ్చిన తరువాత ఆ సవరణను విస్మరించుటకు సాకు లేదు.

రెండవ తప్పుదారి సూత్రము నున్నదున్నట్లు అమలుపఱచుట. సూత్రము ప్రకారము సున్న హెర్ట్జ్ వైపు పోయిన కొలది వృద్ధికి అంతము లేదు. ఏ యంత్రమును అనంతమును మోయజాలదు. గ్రహణమునందు సైతము ఇదే కష్టము ఎదురగును. ఎమ్‌హెచ్ అకౌస్టిక్స్ వారి ఐగెన్‌మైక్ అను గోళమైక్రోఫోను ప్రసిద్ధమైనది. దాని వ్యాసార్ధము 4.2 సెంటిమీటర్లు, దానిపై 32 గ్రాహకములు గలవు. అంత చిన్న గోళముపై 100 హెర్ట్జ్ స్వరము వ్రాయగల తృతీయక్రమ భేదము, దూరపు మూలమునుండి వచ్చినపుడు, పీడనములో పదివేలవ వంతునకు తక్కువ. దానిని సమస్థాయికి తేవలెనన్న పదివేల రెట్లకు పైగా పెంచవలెను. పెంచునపుడు గ్రాహకముల సొంత బుస గూడ అన్ని రెట్లు పెరుగును. కథకుని గొంతునకు బదులు యంత్రపు శ్వాస వినబడును. అందుచేతనే స్వరము దిగిన కొలది హెచ్చు క్రమములను మెల్లగా తగ్గించుట ఆచారమైనది. ఇది దోషము కాదు. నేతగాడు తెగు నూలును అతిగా బిగింపనట్లే ఇదియును వివేకము.

డానియల్ చూపిన మార్గము

ఫ్రాన్స్ టెలికాం పరిశోధకుడైన జెరోమ్ డానియల్ 2003లో కోపెన్‌హాగెన్ నగరమున జరిగిన ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ సదస్సునందు ఒక ఉపాయమును ప్రతిపాదించెను. మూలదూరమువలన కలుగు వృద్ధిని ఒకచోట, లౌడ్‌స్పీకరు దూరమునకై చేయవలసిన సవరణను వేఱొకచోట జరుపుట యెందుకు? రెంటిని కలిపి ఒకే వడపోతగా చేసినచో ఒకదాని యనంతము రెండవదాని యనంతముచే రద్దగును. మంద్రపు అట్టడుగున మిగులు వృద్ధి, లౌడ్‌స్పీకరు దూరమును మూలదూరముచే భాగించి, క్రమసంఖ్య ఎంతో అన్నిమార్లు ఆ భాగఫలమును తనతో తాను గుణించినంత. లౌడ్‌స్పీకరులు 2 మీటర్లలో నుండి కథకుడు 1 మీటరులో నున్నచో మూడు క్రమములకును వృద్ధులు 2, 4, 8 రెట్లు. కథకుడు అర మీటరునకు వచ్చినచో 4, 16, 64 రెట్లు. ఎంత పెద్దవైనను ఇవి హద్దు గల సంఖ్యలు. లౌడ్‌స్పీకరుల కావల 8 మీటర్లలోనున్న ధ్వనికి అదే వడపోత వృద్ధికి మాఱుగా తగ్గింపును చేయును.

ఈ యుపాయమున గొప్పతనము గలదు. అనంతమును బలవంతముగా తెగగొట్టక, అది యెక్కడనుండి పుట్టినదో అక్కడనే దానికి జోడును వెదకినది. అంతకంటె ముఖ్యముగా, దూరమను దానిని రికార్డు యొక్క అంగముగా చేసినది. అంతవఱకును దిశ మాత్రమే వ్రాయబడుచుండెను. ఇపుడు దిశతోపాటు దూరమును వ్రాయబడుచున్నది.

గుణదోష విచారణ

అయినను ఈ మార్గమును నిర్దోష మని పొగడుట విమర్శకునకు తగదు. ఇందు లోపములు రెండు గలవు.

మొదటిది, ఇట్లు నిలువచేసిన సంకేతములు ఒక నిర్ణీత లౌడ్‌స్పీకరు దూరమునకు బద్ధములు. ఆ దూర మెంతయో తెలిసినచో వేఱొక దూరమునకు మార్చుకొనుట సులభము. తెలియనిచో మంద్రమంతయు తప్పుడు పాళ్లలో వినబడును. 2015లో వెలువడిన ఎంపెగ్-హెచ్ త్రీడీ ఆడియో ప్రమాణమునందు ఈ నిర్దేశదూరమును తెలుపుటకు ప్రత్యేకముగా చోటుంచిరి. కాని నిత్యవ్యవహారములో చేతులు మాఱు పెక్కు దస్త్రములలో సంకేతముల వరుసయు, కొలమానమును మాత్రమే తెలుపబడుచున్నవి. చోటుండుట వేఱు, దానిని నింపుట వేఱు.

రెండవ లోపము మనవంటి సమాజములకు మఱింత ముఖ్యమైనది. కేంద్రమున కూర్చున్న ఒక్క శిరస్సునకే ఈ సామీప్యము నిజము. తృతీయక్రమ పద్ధతి 500 హెర్ట్జ్ వద్ద కేంద్రమునుండి సుమారు 32 సెంటిమీటర్ల వఱకును, 2000 హెర్ట్జ్ వద్ద 8 సెంటిమీటర్ల వఱకును మాత్రమే తరంగమును సరిగా పునర్నిర్మింపగలదు. 8 సెంటిమీటర్లనగా తల యొక్క వ్యాసార్ధమంత. పైగా వలయములోపల సృష్టించిన సమీపమూలము, తన దూరమునకు లోబడిన ప్రదేశముననే సక్రమముగా వినబడును. దానికి వెలుపల కూర్చున్నవారికి ఆ పెరిగిన భాగములు సరిపడక, ఆకృతి కావలసినది గుమ్ముమను మ్రోతగా మాఱును. కూనపులివారి కథను వినుటకు ఊరంతయు కూర్చుండెడిది. అర మీటరు సామీప్యమును సభామందిరమునందలి అందఱికిని పంచిపెట్టుదు మని యెవరైన చెప్పిన, ఆ మాట సూత్రమునకు విరుద్ధము. ఏకాంతమున హెడ్‌ఫోనులతో వినువానికి దానిని అందింపవచ్చును. సభకైనచో వృద్ధిని తగ్గించి, కథకుని వలయమువఱకు వెనుకకు జరుపుట ఉచితము. అది సభామర్యాదయేగాని రికార్డునకు ద్రోహము కాదు.

ఇందుండి ఒక సూత్రము తేలుచున్నది. వృద్ధిని ఎంతవఱకు అనుమతింపవలె ననునది వినుచోటు నిర్ణయింపవలసిన విషయము. నిలువచేయుచోటు దానిని శాశ్వతముగా నిర్ణయింపరాదు. నిలువలోనే మంద్రమును కోసివేసినచో పోయిన వక్రతను ఏ గణితమును మఱల తేలేదు. నిలువలోనే అతిగా పెంచినచో యంత్రపు బుస గూడ వంశపారంపర్యమగును.

మన కర్తవ్యము

బుఱ్ఱకథ నొకదానిని రికార్డు చేయ నెంచితి మనుకొందము. నడుమ కథకుడు తంబురతో నిలుచును. ఇరువైపుల ఇద్దఱు వంతలు గుమ్మెటలతో నుందురు. మైక్రోఫోనును వారికి ఎదురుగా ప్రేక్షకుని స్థానమున నుంచుదుమా, వారి నడుమనే నుంచుదుమా? ప్రేక్షకుని స్థానమున నుంచిన వక్రత స్వల్పము, చిక్కును స్వల్పము. నడుమ నుంచిన గుమ్మెట యొక్క మంద్రమే అన్నిటికంటె చేరువనుండును. అపుడు మంద్రవృద్ధి పరమావధికి చేరును. ఏది యుచితమో కళాభిరుచి నిర్ణయింపవలెను. కాని ఏది నిర్ణయించినను మూడు పనులు విడువరాదు.

గ్రాహకములనుండి వచ్చిన మూలసంకేతములను ఏ వడపోతయు చేయక యథాతథముగా ఒక ప్రతి దాచవలెను. నేటి వడపోతలకంటె మేలైనవి రేపు రావచ్చును. మైక్రోఫోనునకును కథకునకును, మైక్రోఫోనునకును ప్రతి వాద్యమునకును గల దూరములను బద్దతో కొలిచి వ్రాయవలెను. ఆంబిసోనిక్స్ రూపమున ప్రతి తీసినపుడు, అది యే లౌడ్‌స్పీకరు దూరమునకు సవరింపబడినదో దస్త్రమునందును, దాని పేటికపైనను స్పష్టముగా తెలుపవలెను. ఈ మూటికిని అయ్యెడి వ్యయము అత్యల్పము. బద్ద యొకటి, కాగిత మొకటి, కొంత శ్రద్ధ చాలును.

గుడ్డను తానుగా చుట్టునపుడు దాని పొడవును, పన్నెను వ్రాయక బజారునకు పంపు నేతగాడు లేడు. కొలత వ్రాయని తాను ఎంత చక్కగా నేసినదైనను కొనువానికి సందేహమునే కలిగించును. ధ్వని విషయమునను ఇట్లే. దూరము వ్రాయని రికార్డు సగము రికార్డే. మన గ్రామమునకు పూర్ణ మని పేరు. మనము దాచు ధ్వనియు అట్లే పూర్ణముగా నుండవలెనన్నచో, గొంతుతోపాటు ఆ గొంతు మన కెంత దగ్గఱగా నుండెనో దానిని గూడ దాచవలెను. మగ్గముల మ్రోతలో చెవులు మొద్దుబాఱిన తండ్రులకు కథకుని గొంతు ఇంకను జ్ఞాపకమున నున్నది. ఆ గొంతును ఎన్నడును చేరువనుండి విని యెఱుగని బిడ్డలకు, అది చెవిప్రక్కనే పలుకునట్లు అందింపగలిగిన విద్య నేడు చేతికందినది. దానిని అజాగ్రత్తచే దూరపు ధ్వనిగా మార్చివేయక, విజ్ఞులు ఈ విషయమును పరిశీలింతురు గాక.